ముప్పై తొమ్మిదో తలుపు

డెబ్బై మూడేళ్ళు వచ్చాక కతెల్ సముద్రం దాటతానని పట్టుబట్టింది. ఇంగ్లండుకి ఇవతలి ఒడ్డున ఉన్న రోస్కాఫ్ రేవు ఆవిడ వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. తెల్ల ఓడ వస్తుంది, కార్లనీ లారీలనీ దించుతుంది, మళ్ళీ ఎక్కించుకుని పోతుంది. యాభై ఏళ్ళుగా ఆవిడ ఆ ఓడని చూడని రోజు లేదు, ఎక్కిన రోజూ లేదు.

ఏర్పాట్లన్నీ ఆడపడుచు కొడుకు రివాల్ చూస్తున్నాడు. నలభై ఆరేళ్ళవాడు, కాలీఫ్లవర్ లారీ నడుపుతాడు, మాటకంటే ముందు పనిలోకి దిగే మనిషి. సెప్టెంబరు మొదటి వారంలో పొద్దున్నే ఓడెక్కితే మధ్యాహ్నానికి ప్లిమత్. అక్కణ్ణించి ఇంగ్లండులో ఎడమ పక్కగా బండి నడుపుకుంటూ పోయి, సెవర్న్ మీద పెద్ద వంతెన దాటితే వేల్స్. వేల్స్‌లో నీత్ అనే ఊరు. ఆ ఊళ్ళో ముప్పై తొమ్మిది తలుపులు. అంతే ప్రయాణం. కతెల్‌కి ఇంగ్లండు చూడాలని లేదు, వేల్స్ చూడాలనీ లేదు. తలుపులు చూడాలి.

ఇదివరకైతే గుర్తింపు కార్డు జేబులో వేసుకుని ఓడెక్కేసేవాళ్ళు. ఇప్పుడు పాస్‌పోర్ట్ లేనిదే కుదరదట. కతెల్ జన్మలో మొదటిసారి పాస్‌పోర్ట్ ఫోటో దిగింది. నవ్వకూడదన్నారు. ఆ ఫోటోలో ఎవరి మీదో యుద్ధానికి బయల్దేరినట్టుంది.

"సరే, అడ్రస్ చెప్పు అత్తా," అన్నాడు రివాల్ ఫోన్ పట్టుకుని.

"రెండు మెట్లు. ఇత్తడి సింహం. మొరుగుతుంది గానీ కరవని కుక్క."

"అది అడ్రసా?"

"మొదటి తలుపు. రెండోది చెప్పనా?"

"వీధి పేరు చెప్పవే తల్లీ. సింహాలూ కుక్కలూ చెబితే ఈ ఫోన్ మనల్ని ఏ జూకో తీసుకుపోతుంది."

"మీ మామయ్యకే తెలీదు వీధి పేరు. నాకెలా తెలుస్తుంది?"

నిజంగానే తెలీదు. ఉల్లి అమ్మేవాళ్ళకి వీధుల పేర్లతో పని లేదు, మనుషుల పేర్లతో అసలే లేదు. భుజాన కర్ర, కర్రకి అటూ ఇటూ గడ్డితాడుకి జడల్లా కట్టిన గులాబిరంగు ఉల్లిపాయలు వేలాడేసుకుని ఇల్లిల్లూ తిరిగేవాడికి తలుపే గుర్తు. అవతలి దేశంలో ఆడవాళ్ళు వీళ్ళ పేర్లూ అడగరు. రోస్కాఫ్ నించి ఉల్లి తెచ్చిన ప్రతివాణ్ణీ "జానీ" అనే పిలుస్తారు. కతెల్ మొగుడు పావోల్ నలభై ఏళ్ళపాటు ఆ ఊళ్ళో జానీగానే బతికాడు.

జులైలో సాంత్ బార్బ్ తిరునాళ్ళు అవగానే మగవాళ్ళు ఓడెక్కేవాళ్ళు. క్రిస్మస్‌కి తిరిగొచ్చేవాళ్ళు. కాపురానికి వచ్చిన మొదటి ఏడాదే కతెల్‌కి లెక్క అర్థమైంది. మొగుడు సగమే తనకి, మిగతా సగం సముద్రం అవతలికి. అందరి ఆడవాళ్ళదీ అదే లెక్క కాబట్టి ఎవరూ ఏడ్చేవాళ్ళు కాదు. కనీసం ఒకరి ఎదురుగా ఒకరు ఏడ్చేవాళ్ళు కాదు.

అవతలి సగం గురించి పావోల్ కబుర్లు చెప్పే మనిషి కాదు. కానీ మార్చిలో ఉల్లినారు నాటేటప్పుడు మాత్రం నోరు విప్పేవాడు. ముందు తను వంగి పుల్లతో గుంట పొడుస్తూ పోయేవాడు, వెనకాల కతెల్ నారు పెడుతూ వెళ్ళేది. గుంటకో తలుపు చెప్పేవాడు. వచ్చే సీజనుకి మర్చిపోకుండా అలా వల్లెవేసుకోవడం వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. "రెండు మెట్లు, ఇత్తడి సింహం, కుక్క. మెట్లు లేవు, నీలం రంగు, ఒక జడ. నాలుగు మెట్లు, పగిలిన గంట, గట్టిగా తట్టాలి, ముసలాయనకి చెవుడు." వరస చివరికి వచ్చేసరికి ముప్పై ఎనిమిది తలుపులు అయ్యేవి. వినీ వినీ కతెల్‌కి కూడా నోటికి వచ్చేశాయి. ఎన్నడూ చూడని ఊళ్ళో కళ్ళు మూసుకుని తిరగగలదు.

వరస చివర నడుం నిటారుగా చేసి, చేతులు దులుపుకుని, ముప్పై తొమ్మిదోది చెప్పేవాడు. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు. ఇంటివైపు చూసి మరీ నవ్వేవాడు. ఆ నవ్వు కతెల్‌కి గుండెల్లో ముల్లయి దిగింది. ఎవరా ముప్పై తొమ్మిది అని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. మొదటి ఏడాది అడగలేదు. రెండో ఏడాది అడిగితే మొదటి ఏడాది ఎందుకు అడగలేదని అడుగుతాడేమోనని అడగలేదు. అలా ముప్పై మూడేళ్ళు గడిచాయి. తర్వాత ఆయన ఓడెక్కడం మానేశాడు. మూడేళ్ళ కిందట ఈ లోకమే మానేశాడు.

"ముసలితనంలో సవతిని వెతుక్కుంటూ ఓడెక్కే ఆడదాన్ని నిన్నే చూశాను వదినా," అంది జానెడ్.

జానెడ్ పావోల్ చెల్లెలు, రివాల్ తల్లి. రోజూ సైకిలు మీద వచ్చి, వదిన వంటింట్లో కూర్చుని, వదిన కాఫీ తాగుతూ వదినకే వంకలు పెట్టడం ఆవిడ దినచర్య. ఇప్పుడు ఒళ్ళో జల్లెడ పెట్టుకుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది.

"సవతో కాదో నాకు తెలీదు," అంది కతెల్.

"తెలుసుకుని ఏం చేస్తావు? జుట్టు పట్టుకుంటావా? ఈపాటికి ఆవిడకి జుట్టు ఉంటేగా."

"కూర్చుని టీ తాగుతాను."

"ఏంటీ?"

కతెల్ జల్లెడలోంచి గింజలు తీసి బల్ల మీది మైనపు గుడ్డ మీద వరసగా పేర్చడం మొదలుపెట్టింది. పది, ఇరవై, ముప్పై. ఆవిడ మనసులో ఉన్నది ఎవరికి చెప్పినా నవ్వుతారని ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇవాళ టిక్కెట్లు కొనేసే రోజు కాబట్టి చెప్పేసింది.

"కోపం ఎప్పుడో పోయింది జానెడ్. ఆయన పోయిన రోజే పోయింది. పిల్లా జెల్లా లేదు, ఆయన్ని నేనూ నువ్వూ తప్ప తలుచుకునేవాళ్ళు లేరు. అది కూడా జనవరి నించి జులై దాకానే. ఆగస్టులో ఎలా ఉండేవాడో నాకు తెలీదు. అక్టోబరు వానలో తడిసి వచ్చి ఏమనేవాడో తెలీదు. ఆవిడకి తెలుసు. నా మనిషి సగం ఆవిడ దగ్గరుంది. ఇంకా బతికుంటే వెళ్ళి, కాస్త చెప్పమ్మా అని అడగాలనుంది. నాకు ఆయన మీద బెంగగా ఉంది, అంతే."

జానెడ్ ఏ వంకా పెట్టకుండా తన చేతిలోని గింజలు వదిన ముందుకి తోసింది. అది రోజూ జరిగే పని కాదు. రివాల్ తలెత్తి తల్లినీ అత్తనీ మార్చి మార్చి చూసి, మళ్ళీ ఫోన్‌లోకి దూరిపోయాడు.

"మొదటి తలుపుకి ముందు ఏముంటుంది అత్తా? మామయ్య బండి ఎక్కడ ఆపేవాడు?"

"రైలు వంతెన కింద. ఎదురుగా నల్లరాతి చర్చి. చర్చి పక్కనించి ఎక్కుడు వీధి. శనివారం శనివారం అదే చుట్టు."

రివాల్ ఫోన్‌లో ఏదేదో వేలితో జరిపాడు. ఆ దేశంలో వీధులన్నీ ఎవరో బండి మీద కెమెరా పెట్టి ఫోటోలు తీసి పెట్టారట, ఇంట్లో కూర్చుని నడవచ్చట. నీత్‌లో రైలు వంతెనలు రెండున్నాయి. మొదటిదాని దగ్గర చర్చి లేదు. రెండోదాని దగ్గర ఉంది గానీ అందులో ఇప్పుడు తివాచీలు అమ్ముతున్నారు. పక్కనించి వీధి పైకి పోతోంది.

"చూడు."

కతెల్ కళ్ళజోడు సవరించుకుంది. వాన వెలిసిన వీధి, ఒకదానికొకటి అతుక్కున్న ఇళ్ళు, చెత్తడబ్బాలు. మొదటి ఇంటికి రెండు మెట్లు. తలుపు తెల్ల ప్లాస్టిక్‌ది. తలుపు మధ్యలో ఇత్తడి సింహం.

"కుక్క పోయినట్టుంది," అన్నాడు రివాల్.

కతెల్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వేలు అద్దం మీద పెట్టింది. బొమ్మ గిర్రున తిరిగి ఆకాశంలోకి పోయింది.

"ముట్టుకోకు అత్తా! నువ్వు చెప్పు, నేను నడుస్తాను."

ఇక ఆ మధ్యాహ్నం ముగ్గురూ వంటింట్లో కూర్చునే నీత్‌లో నడిచారు. కతెల్ చెప్పేది, రివాల్ జరిపేవాడు, ఒక్కో తలుపు దాటగానే జానెడ్ ఒక్కో గింజ పక్కకి తోసేది. మెట్లు లేవు, నీలం రంగు. ఇప్పుడది ఆకుపచ్చగా ఉంది. నాలుగు మెట్లు, పగిలిన గంట. గంట లేదు, దాని మేకు ఉంది. పొట్టి గుమ్మం, తల వంచుకు పోవాలి. ఇనప కంచె, కుడి పక్క గులాబీ, జడలు తగిలించుకోకుండా చూసుకోవాలి. ఆ గులాబీ ఇంకా ఉంది. రెండు ఇళ్ళు కలిపి ఒకటి చేసినచోట ఓ తలుపు మాయమైంది, గోడ మీద దాని ఆకారం మాత్రం మిగిలింది. ఆకారాన్ని కూడా కతెల్ లెక్కలోకి తీసుకుంది.

"మా అన్న ఇన్ని మెట్లు ఎక్కేవాడా? ఇంట్లో అటక ఎక్కమంటే మోకాళ్ళ నొప్పులనేవాడు," అంది జానెడ్. ముక్కు తుడుచుకుని, ఉల్లిఘాటు అంది. ఉల్లిజడలు కొట్టాంలో ఉన్నాయి, వంటింట్లో లేవు.

ఆ కొట్టాంలో కతెల్ నెల రోజులుగా కట్టిన జడలు ముప్పై తొమ్మిది ఉన్నాయి. పెద్దవి కింద, చిన్నవి పైన, గడ్డితాడుకి బిగించి కట్టినవి. తలుపుకొకటి. చివరిదానికి ఏరి ఏరి ఒకే సైజు ఉల్లి పెట్టింది, వంక పెట్టడానికి వీల్లేకుండా.

ముప్పై ఎనిమిదో తలుపు కొండ కొసన ఉంది. ఒక మెట్టు, పెద్ద కిటికీ, కిటికీలో కుట్టుమిషను. ఇప్పుడు కిటికీలో పిల్లల బొమ్మలున్నాయి. జానెడ్ గింజ తోసింది. ఒక్క గింజ మిగిలింది.

"ముందుకి పద," అంది కతెల్.

రివాల్ జరిపాడు. రోడ్డు ఆగిపోయింది. ముళ్ళతీగె కంచె, కంచె అవతల గడ్డి, గడ్డిలో గొర్రెలు.

"వీధి అయిపోయిందత్తా."

"అవదు. ఇంకొకటుంది."

వెనక్కి వచ్చాడు, పక్క సందుల్లోకి పోయాడు, కొండ అవతలి వైపునించి కూడా వచ్చి చూశాడు. ఇల్లు లేదు. పాత మ్యాపులో వెతికాడు. పావోల్ తిరిగిన ఏళ్ళలో కూడా ఆ కంచె అవతల ఒక్క ఇల్లూ లేదు, కూల్చడానికి.

కతెల్ కుర్చీకి చేరగిలబడిపోయింది. అక్కడ మనిషి చచ్చిపోయి ఉంటుందని ఆవిడ భయపడింది గానీ, అసలు ఉండనే ఉండదని ఎప్పుడూ అనుకోలేదు. ఆ ఇల్లు లేకపోతే ఈ ప్రయాణమే లేదు. తక్కిన ముప్పై ఎనిమిది తలుపుల వెనకా జానీ తప్ప పావోల్ ఎవరికి తెలుసు?

"ఆ చివరి తలుపు గుర్తులేంటో చెప్పు, ఇంకో ఊళ్ళో ఉందేమో చూస్తాను," అన్నాడు రివాల్ మెత్తగా.

ఆ గుర్తులు ఆవిడ ఇన్నేళ్ళలో ఎవరికీ పైకి చెప్పలేదు. మిగిలిన గింజని వేళ్ళ మధ్య నలుపుతూ, పావోల్ ఎలా చెప్పేవాడో అలాగే చెప్పింది.

"ఏడు మెట్లు. ఎడమ చేతికి గొళ్ళెం. గాలి పడమరనించి. తట్టకముందే తెరుచుకుంటుంది. జడ తీసుకోదు."

జానెడ్ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది.

"మళ్ళీ చెప్పు."

"ఏం, వినబడలేదా?"

"చెప్పమంటుంటే."

కతెల్ మళ్ళీ చెప్పింది. జానెడ్ జల్లెడ బల్ల మీద పెట్టి లేచి, వదిన చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయింది. ముందు గుమ్మంలోంచి, కొట్టాం పక్కనించి, గోడ చుట్టూ తిప్పి, ఇంటి వెనక్కి. రేవు నించి వచ్చే పాత కాలిబాట అది. పావోల్ పోయాక ఎవరూ తొక్కలేదు. ముళ్ళపొదలు అల్లుకుని నల్లటి పళ్ళు కాశాయి.

"లెక్కపెట్టు," అంది జానెడ్.

"ఏం లెక్కపెట్టాలి?"

"మెట్లు. నీ ఇంటి మెట్లే. ఎప్పుడైనా లెక్కపెట్టావా?"

ఎవరు లెక్కపెడతారు సొంత మెట్లు? భుజాన బరువు మోసేవాడు లెక్కపెడతాడు. కతెల్ చెప్పుతో ముళ్ళు తొక్కుతూ లెక్కపెట్టింది. ఏడు.

"గొళ్ళెం కుడి పక్కన కదా," అంది నీరసంగా. యాభై ఏళ్ళు కుడి చేత్తో తీసిన గొళ్ళెం.

"లోపలినించి కుడి. ఇటు నించుని చూడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ ఇంట్లో. చిన్నప్పుడు రేవునించి ఈ మెట్లే ఎక్కి వచ్చేదాన్ని. బయటినించి ఎడమే."

కతెల్ చూసింది. తుప్పు పట్టిన గొళ్ళెం ఎడమ పక్కనే ఉంది. పడమటి గాలి సముద్రం మీంచి వచ్చి మెడకి తగులుతోంది.

"డిసెంబరు వస్తే చాలు, నువ్వు ఈ తలుపు వెనకే పీట వేసుకుని బంగాళాదుంపలు చెక్కేదానివి," అంది జానెడ్. "పొయ్యి దగ్గరికి రావే పిల్లా, చలికి చస్తావు అని మా అమ్మ అరిచేది. వినేదానివా? ఆయన చెప్పు చప్పుడు మొదటి మెట్టు మీద పడగానే తీసేసేదానివి. మా అన్న ఈ తలుపు తట్టి ఎరగడు. ఇక జడ అంటావా, అమ్ముడుపోనివి భుజానేసుకుని వస్తే నువ్వేమనేదానివి?"

"ఇంకా ఉల్లిపాయలేనా, ఇంట్లోకి తెచ్చావంటే ఊరుకోను అనేదాన్ని," అంది కతెల్.

"అదీ సంగతి."

వెనకాలే వచ్చిన రివాల్ కొట్టాం గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు. ఇంటికి చేరితేనేగా చుట్టు పూర్తయ్యేది అని అతనికీ అర్థమైంది.

కతెల్ కింది మెట్టు మీద కూలబడింది. ముప్పై మూడేళ్ళు ఆయన వరస చివర ఇంటివైపు చూసి నవ్వాడు. తనకి తెలుసనే అనుకుని ఉంటాడు. తెలిసే తల దించుకుని సిగ్గుపడుతోందనుకుని ఉంటాడు. ఒక్కసారి, ఒక్క మార్చిలో, ఎవరది అని అడిగి ఉంటే ఆ పొలంలోనే ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు పోయింది. దాంతోపాటు ఇంకొకటి కూడా పోయింది. టీ పోసి, ఆగస్టులో ఆయన ఎలా ఉండేవాడో చెప్పే మనిషి ఇక ఎక్కడా లేదు. ఆ సగం ఎవరి దగ్గరా దాచిపెట్టి లేదు. అందుకు ఆవిడ బిగ్గరగానే ఏడ్చింది. ఈసారి ఎదురుగా ఆడపడుచు ఉన్నా ఆపుకోలేదు. జానెడ్ పక్కన కూర్చుని, ముళ్ళపొదలో పళ్ళు కోసి ఒక్కొక్కటీ వదిన చేతిలో పెడుతూ ఉండిపోయింది.

కాసేపటికి రివాల్ గొంతు సవరించుకున్నాడు. "టిక్కెట్లు... ఇక వద్దుగా అత్తా?"

కతెల్ కళ్ళు తుడుచుకుని లేచింది. బాట వెంట పదడుగులు వెనక్కి వెళ్ళి, తిరిగి, భుజాన బరువున్న మనిషిలా నెమ్మదిగా ఏడు మెట్లూ ఎక్కి తలుపు ముందు నిలబడింది. తలుపు తెరుచుకోలేదు. తెరిచే మనిషి బయటే ఉంది మరి. ఎదురుచూడటం ఏమిటో ఆవిడకి బాగా తెలుసు. తలుపు ఇటువైపు నించుని వచ్చేవాడికి ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది.

"కొను," అంది. "రానూ పోనూ కొను."

"ఇంకెందుకే వదినా? చూడాల్సిన తలుపు ఇదిగో, కళ్ళ ముందే ఉంది," అంది జానెడ్.

"ముప్పై ఎనిమిది తట్టి వస్తేగాని ఇది ముప్పై తొమ్మిదోది అవదు. ఆయన ఎక్కిన మెట్లన్నీ ఎక్కుతాను. ఆయన తడిసిన వానలో తడుస్తాను. అడగడానికి మనిషి లేకపోతే ఆ సగం ఎలా ఉండేదో నేనే చూసుకోవాలి. నువ్వు మాత్రం రాకు."

"అదేంటి! నేనూ పాస్‌పోర్ట్ ఫోటో దిగానుగా! నీకంటే బాగా వచ్చింది కూడా."

"నువ్వు లోపలుండాలి. ఓడ రేవులోకి రాగానే ఈ తలుపు వెనక పీటేసుకుని కూర్చో. నేను తట్టకముందే తియ్యాలి."

జానెడ్ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఎంతసేపు కూర్చోవాలి?"

"నేను ముప్పై మూడేళ్ళు కూర్చున్నాను. ఓ పూట కూర్చోలేవా?"

"సూప్ కాయాలా?"

"కాయాలి. తిట్టాలి కూడా."

"అది నాకు వచ్చు," అంది జానెడ్.

రివాల్ అక్కడే నిలబడి ఫోన్‌లో టిక్కెట్లు నొక్కేశాడు. తర్వాత వ్యాన్‌లో చోటు చూడటానికి కొట్టాంలోకి వెళ్ళి, జడలు లెక్కపెట్టి బయటికి వచ్చాడు.

"ముప్పై తొమ్మిదీ ఎక్కించెయ్యనా అత్తా?"

కతెల్ పై మెట్టు మీదినించి దిగలేదు. గుప్పిట్లో మిగిలిన చిక్కుడు గింజని గొళ్ళెం కింద గడప మీద పెట్టింది.

"ముప్పై ఎనిమిది చాలు నాయనా. చివరిది విప్పి కూరలో వేసుకుందాం. ఆవిడ జడ తీసుకోదు."